గడి లేని బంధుత్వం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో నన్ను మునిసిపాలిటీ అంతర్గత ఆడిట్ విభాగంలో కొత్తగా తెరిచిన ప్రకటనల డెస్కుకి మార్చారు. ఒమాన్‌లో నిజ్వా దాటి, కొండల మధ్య ఇంకా లోపలికి వెళ్తే వచ్చే పట్టణం అది. పేరు చెప్పను. నా హోదా సీనియర్ ఆడిటర్. విదేశీయులకు ఇంకా మిగిలి ఉన్న కొద్దిపాటి ప్రభుత్వ కొలువుల్లో అదొకటి. నా పైన డైరెక్టర్ హమద్ గారు. నా కింద ఎవరూ లేరు.

ఆ డెస్కుకి రెండు పనులు ఉండేవి. మొదటిది, అధికారుల చేత ఏటా ప్రకటన రాయించడం. తనకు ఏ వ్యాపారంలో వాటా ఉంది, తన బంధువులు ఎవరు ఏ కంపెనీ నడుపుతున్నారు అన్నది ప్రతి అధికారీ రాసి సంతకం పెట్టాలి. తన బంధువుల కంపెనీ టెండర్ వేస్తే ఆ అధికారి దాని మీద నిర్ణయం తీసుకోకుండా పక్కకు తప్పుకోవాలి. రెండోది, ప్రతినిధుల నమోదు. ఒక కంపెనీ తరఫున టెండర్ గురించో అనుమతి గురించో అధికారితో మాట్లాడే ప్రతి మనిషీ మా దగ్గర పేరు నమోదు చేయించుకుని, మెడలో బిళ్ళ వేసుకుని రావాలి. వీసా మీద అతని ఉద్యోగం ఏమని రాసి ఉన్నా సరే. ఎవరితో ఏం మాట్లాడాడో రిజిస్టర్లో రాయాలి. టెండర్ ప్రకటించిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా అసలు మాట్లాడకూడదు. దాన్ని మౌన కాలం అనేవాళ్ళం.

వేరే దేశాల్లో ఇలాంటి మనుషుల్ని లాబీయిస్టులు అంటారు. మా పట్టణంలో అలాంటివాళ్ళు లేరని అందరూ నమ్మేవారు. ఉన్నారు. వాళ్ళు కాఫీ తాగడానికి వచ్చేవారు.

ప్రకటన పత్రం మస్కట్‌లో ఎవరో కన్సల్టెంట్లు తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామికి ఒక గడి, రక్తసంబంధానికి ఒక గడి, పెళ్ళి ద్వారా వచ్చిన సంబంధానికి ఒక గడి ఉండేవి. ఉద్యోగులందరిలాగే నేనూ నింపాను. డెస్కు కొత్తదైనా పత్రం పాతదే, కరోనా ఏళ్ళలో మాత్రం ఎవరూ నింపలేదు. జీవిత భాగస్వామి గడిలో ఆ ఏడాది మొదటిసారి అడ్డగీత గీశాను. మా వారు అక్కడి కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. కరోనా మొదటి వేసవిలో పోయారు. గీత గీసి కింది గడికి వెళ్ళాను. పత్రం అడిగేది అంతవరకే.

నమోదుకు అందరికంటే ముందు వచ్చినవాడు ఖాదర్ బాషా. కడప మనిషి. వాది గోడలు కట్టే ఒక చిన్న కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. వాది అంటే అక్కడి కొండవాగు. ఏడాదంతా ఎండి ఉండి, వానొస్తే గంటలో కార్లను కొట్టుకుపోతుంది. ఆ కంపెనీ యజమానికి మాట్లాడే ఓపిక లేదు కాబట్టి టెండర్ పత్రాలు తేవడం, సాంకేతిక ప్రశ్నలకు జవాబు చెప్పడం ఖాదర్ మీద పడింది. బిళ్ళ ఇచ్చిన మర్నాడు నా బల్ల ముందు నిలబడి అన్నాడు.

"ఏం మేడమ్, ఈ బిళ్ళ మెళ్ళో ఏసుకోని ఇంటికి పోతే ముంతాజ్ ఒకటే నవ్వుతాండాది. నిఖా నాడు గూడా ఇంత పెద్ద దండ ఎయ్యలేదంట నాకు."

నమోదుకు రానివాడు అబూ రాషిద్. పట్టణంలో పెద్దమనిషి. వేరే ప్రభుత్వ శాఖలో ఉద్యోగం చేసి విరమించాడు. ఒక పెద్ద కాంట్రాక్టు కంపెనీకి సలహాదారని ఊరందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. రోజూ పొద్దున హమద్ గారి గదికి వచ్చేవాడు. చిన్న గిన్నెల్లో కహ్వా, పక్కన ఖర్జూరాలు. అక్కడి మర్యాద ప్రకారం కాఫీ అయ్యేదాకా పని మాట ఎత్తకూడదు. ఇక చాలు అనడానికి ఖాళీ గిన్నెను వేళ్ళ మధ్య ఊపుతారు. అబూ రాషిద్ గిన్నె ఊపి, లేవబోతూ, ఒకే ఒక్క మాట అనేవాడు. ఆ మాట ఎప్పుడూ ఏదో టెండర్ గురించే.

ఈయన పేరు నమోదు చేయాలి కదా అని ఒకసారి హమద్ గారిని అడిగాను.

"ఆయన కాఫీకి వస్తాడు, ఉస్తాదా," అన్నారు. చదువుకున్న స్త్రీని అక్కడ ఉస్తాదా అని పిలుస్తారు.

"గిన్నె ఊపిన తర్వాత మాట్లాడేది?"

ఆయన పళ్ళెం నా వైపు జరిపారు. "ఖర్జూరం తీసుకోండి."

తీసుకున్నాను. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

వాది గోడల మరమ్మతుకు టెండర్ ప్రకటించిన వారంలోనే ఫిర్యాదు వచ్చింది. ఏదో కాగితం మీద సంతకం కోసం నేను హమద్ గారి గదిలో ఉన్నాను. అబూ రాషిద్ గిన్నె ఊపి, ఒంటి మీది పొడవాటి దిష్డాషా సర్దుకుని, నా వైపు తిరిగాడు.

"మీ బిళ్ళల ఏర్పాటు బాగుంది ఉస్తాదా. బిళ్ళ వేసుకున్న ఆ ఇండియన్ మాత్రం ప్రతి శుక్రవారం ఇంజినీర్ నాసర్ ఇంట్లో అన్నం తింటాడు. అది మీ రిజిస్టర్లో ఉందా?"

లేదు. నాసర్ మునిసిపాలిటీ ఇంజినీరు, టెండర్ల కమిటీలో సభ్యుడు. వాది గోడల గురించి ఆయన మాటే చివరి మాట.

"రాసివ్వండి," అన్నాను.

"రాస్తే?"

"విచారిస్తాను."

"ఈమె నిజంగానే రాయిస్తుంది," అని హమద్ గారితో నవ్వి, అక్కడే కూర్చుని రాశాడు. అందమైన చేతిరాత. ఫిర్యాదు పత్రంలో 'ఈ విషయంతో మీకున్న సంబంధం' అన్నచోట మాత్రం ఏమీ రాయలేదు. ఖాళీ ఉన్నా ఫిర్యాదు తీసుకోవచ్చు, తర్వాత నింపించవచ్చు అని నిబంధన. తీసుకున్నాను.

ఆయన వెళ్ళాక హమద్ గారు తలుపు దగ్గరగా వేసి చెప్పారు. విచారణ నేనొక్కదాన్నే చేయాలి. నివేదిక మీద నేనొక్కదాన్నే సంతకం పెట్టాలి. ఆయనకు చూపించనక్కర్లేదు, నేరుగా మునిసిపాలిటీ అధ్యక్షుడికి పంపాలి. ఊరి పెద్దతో గొడవెందుకని ఆయన నా వెనక దాక్కుంటున్నారనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. ఆయన మీద గౌరవం కొంచెం తగ్గిన మాట నిజం.

మౌన కాలంలో అధికారిని కలిసి టెండర్ మాట్లాడినట్టు తేలితే బిళ్ళ రద్దు. ఖాదర్ విషయంలో అది అక్కడితో ఆగదు. బిళ్ళ పోతే తన దగ్గర పని లేదని యజమాని ముందే చెప్పేశాడు. పని లేకపోతే వీసా లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు వదిలి, భార్యనూ కూతురినీ తీసుకుని విమానం ఎక్కడమే.

పిలిస్తే వచ్చాడు. కూర్చోకముందే మెడలో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు.

"తీసుకోండి మేడమ్. ఎట్లాగూ తీసేసుకుంటారు గదా."

"ఎవరన్నారు?"

"సైట్ అంతా అదే మాట. ఆ పెద్దాయన రాసిచ్చినాడంట. పెద్దాయన రాసినాక ఇంగ మాదేముంది?"

శుక్రవారాలు ఆ ఇంటికి వెళ్తున్న మాట నిజమేనా అని అడిగాను. నిజమే అన్నాడు. టెండర్ మాట వచ్చిందా అని అడిగాను.

"అన్నం కాడ టెండర్ మాటెవురెత్తుతారు మేడమ్? ఆ ఇంట్లో ముసలామె ఉండాది. పని మాట ఎత్తితే గరిటెతో కొడుతుంది. నాసర్ సార్‌కే పడినాయి ఒకసారి."

"మరి ఎందుకు వెళ్తారు?"

అంతవరకూ గలగలా మాట్లాడినవాడు కిటికీలోంచి పార్కింగ్ వైపు చూశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు మేడమ్ అన్న పిలుపు పోయింది.

"అక్కా, ఇది ఆడోళ్ళ మాట. ఆఫీసులో కూచోని నా నోటితో చెప్పేది కాదు. బిళ్ళ పోతే పోనీ. అడగాల్నంటే మా ఇంటామెను అడుగు. నాసర్ సార్ వాళ్ళమ్మను అడుగు."

విచారణ అధికారి మగవాడై ఉంటే ఆ విచారణ అక్కడ ఆగిపోయేది. నేను ఆడిట్ విభాగంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషిని. అంతకుముందు దాని వల్ల నాకు వచ్చిన లాభం విడిగా ఒక ప్రార్థన గది, దాన్ని నేను వాడేదాన్ని కాదు. ఈసారి పనికొచ్చింది. మునిసిపాలిటీ అధ్యక్షుడి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ముంతాజ్‌ను వెంటబెట్టుకుని నాసర్ గారింటికి వెళ్ళాను.

ఆడవాళ్ళ గదిలో కూర్చున్నాం. నాసర్ గారి తల్లిని ఇంటివాళ్ళు జద్దా అంటారు, నాయనమ్మ అని. చాలా పెద్దావిడ. నా అరబిక్ కార్యాలయాల అరబిక్, ఆవిడది కొండ మాట. ముంతాజ్ మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పింది. మేం ఇంకా పరామర్శల్లో ఉండగా కాలేజీ చదివే పొడుగాటి కుర్రాడు తలుపు తట్టకుండా లోపలికి వచ్చాడు. నాసర్ గారి కొడుకు ఫైసల్. ముంతాజ్ పరాయి మగవాడు ఎదురైతే కొంగు నుదుటి దాకా లాక్కునే మనిషి. ఆ రోజు లాక్కోలేదు. కుర్రాడు వంగి ఆమె తల మీద ముద్దుపెట్టుకున్నాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకుని కొలిచి, "హాస్టల్లో తింటాండావా, గాలి పీలుస్తాండావా?" అని తెలుగులో తిట్టింది. వాడు అదే భాషలో, కడప యాసలో, "తింటాండా అమ్మీ" అన్నాడు.

ఒమానీ నోట ఆ మాట విని నేను రాస్తున్న కలం ఆపాను.

ముంతాజ్ చెప్పింది ఇది. పెళ్ళై వచ్చిన కొత్తలో వాళ్ళు నాసర్ గారింటి వెనక భాగంలో అద్దెకుండేవారు. ఆమెకు కూతురు పుట్టిన కొన్నాళ్ళకే ముందింట్లో ఫైసల్ పుట్టాడు. తల్లికి జ్వరం ముదిరి మస్కట్ ఆసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డ సీసా పట్టలేదు. డాక్టర్ ఏవేవో డబ్బాలు మార్చాడు. ఏడ్చే శక్తి కూడా పోయింది బిడ్డకు.

"ఈయమ్మ వచ్చింది అక్కా. నాకు అప్పుడు అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఈయమ్మ ఏమీ అడగల్యా. బిడ్డను నా ఒళ్ళో పెట్టి, తలుపు దగ్గరికేసి, బయట కూచునింది. ఇంగ అడిగేదేముండాది, చెప్పేదేముండాది? నా బిడ్డ ఒక పక్క, ఈ బిడ్డ ఒక పక్క."

తల్లి కోలుకుని తిరిగి వచ్చేదాకా అలాగే సాగింది.

దీని అర్థం పాఠకులకు చెప్పాలి. ఇస్లాం ధర్మంలో పాలిచ్చిన స్త్రీ ఆ బిడ్డకు తల్లి అవుతుంది. ఆమె భర్త తండ్రి, ఆమె పిల్లలు తోబుట్టువులు. వాళ్ళ మధ్య పెళ్ళిళ్ళు నిషిద్ధం, పరదా అక్కర్లేదు. ఆస్తిలో వాటా మాత్రం రాదు. మన వైపు ముస్లింలు దూద్ బేటా, దూద్ భాయ్ అంటారు, పాల కొడుకు, పాల సోదరుడు అని. అంటే ఖాదర్ ప్రతి శుక్రవారం వెళ్తున్నది అధికారి ఇంటికి కాదు. కొడుకును చూసుకోవడానికి.

జద్దా ఏదో అంది. ముంతాజ్ నవ్వుతూ నాకు చెప్పడానికి వెనకాడింది. చెప్పమన్నాను.

"ఇంత లావు పుస్తకం చంకలో పెట్టుకోనొచ్చింది, అందులో ఇది లేదా అంటాండాది. ఊరందరికీ తెలిసింది మునిసిపాలిటీ ఒక్కదానికే తెల్దా అంటాండాది."

ఇద్దరి వాంగ్మూలం విడివిడిగా రాసుకున్నాను. ఒకరు చెప్పింది ఒకరు వినకుండా. ముంతాజ్ పక్కన లేనప్పుడు జద్దా నాకు అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడింది. రెండూ కలిశాయి. భోజనాల దగ్గర పని మాట వచ్చిందా అన్న ప్రశ్నకు జద్దా తనంతట తానే గరిటె సంగతి చెప్పింది.

ఆఫీసుకు తిరిగి వచ్చి పత్రాలు ముందు పెట్టుకున్నాక అసలు చిక్కు కనిపించింది. పాలబంధం బంధుత్వం కాదంటే, ఖాదర్ ఒక పరాయి ప్రతినిధి. మౌన కాలంలో వారం వారం అధికారి ఇంటికి వెళ్ళాడు. బిళ్ళ పోతుంది. బంధుత్వమే అంటే, నాసర్ గారు ఏటా 'ఏ కంపెనీతోనూ సంబంధం లేదు' అని సంతకం పెట్టింది అబద్ధం అవుతుంది. ఆయన ఉద్యోగం పోతుంది. ఒకరిని కాపాడే వాక్యం రెండోవారిని ముంచేది. అబూ రాషిద్‌కి ఏ వైపు పడినా లాభమే. వాది గోడల సంగతి తెలిసిన సభ్యుడైనా పోతాడు, పోటీ కంపెనీ మనిషైనా పోతాడు.

మస్కట్‌లో న్యాయ సలహాదారుకి ఫోన్ చేశాను. పత్రంలో గడి లేదు కాబట్టి బంధుత్వం లేదు అన్నాడు. ఆ బంధుత్వం ఇవాళ పొద్దున నా ముందే కూర్చుని తల్లి చేత తిట్లు తిన్నదని చెప్పాను. అది తన పరిధిలోకి రాదన్నాడు.

నిబంధనల పుస్తకం ఇంటికి తెచ్చుకుని మా వారి బల్ల దగ్గర కూర్చుని మొదటి నుంచి చదివాను. ఆఫీసులో ఆ పుస్తకాన్ని అందరూ శిక్షల అధ్యాయం దగ్గర తెరిచేవారు. నేనూ అంతే. ముందు అధ్యాయాల్లో విషయం తేటగానే ఉంది. ప్రతినిధికి నిషేధించింది అధికారిని చూడటాన్ని కాదు, పెండింగులో ఉన్న పని గురించి మాట్లాడటాన్ని. ఖాదర్ మాట్లాడాడని ఫిర్యాదులోనే లేదు. అన్నం తిన్నాడని మాత్రమే ఉంది. ఇక నాసర్ గారి ప్రకటనలో గడులు అడిగిన వాటికి ఆయన ఇచ్చిన జవాబులన్నీ నిజాలే. పుస్తకంలో మరో నియమం ఉంది. గడుల్లోకి రాని సంబంధం ఏదైనా జనానికి అనుమానం కలిగించేలా ఉంటే, ఆ సంగతి సభ్యుడు కమిటీలో నోటితో చెప్పి తప్పుకోవాలి. ఎప్పుడు? టెండర్ పెట్టె తెరిచి కంపెనీల పేర్లు చదివినప్పుడు. అంతవరకూ ఎవరు టెండర్ వేశారో అధికారికంగా ఎవరికీ తెలియదు. పెట్టె ఇంకా తెరవలేదు.

అంటే నాసర్ గారు ఇంకా తప్పు చేయలేదు. పెట్టె తెరిచిన రోజు చెబితే ఎప్పటికీ చేయరు. చెప్పకపోతే ఆ క్షణం నుంచి దోషి. ఆయన దాచినట్టయితే ఖాదర్ రాకపోకలు కూడా రహస్య మంతనాల కింద లెక్కవుతాయి, బిళ్ళ పోతుంది. ఇద్దరి గతీ ఆయన నోరు తెరవడం మీద ఆధారపడింది.

నాసర్ గారు తక్కువ మాట్లాడే మనిషి. నేను చెప్పిందంతా విని, "నా ఇంటి ఆడవాళ్ళ సంగతి కమిటీలో చెప్పమంటారా?" అన్నారు. కోపంగా కాదు. అక్కడ ఒక మగవాడు నలుగురిలో తల్లి పేరు కూడా పలకడు. కమిటీలో చెప్పింది సమావేశం మినిట్స్‌లో రాస్తారు, రాసింది మస్కట్ దాకా పోతుంది.

"ఆడవాళ్ళ ప్రస్తావన అక్కర్లేదు," అన్నాను. "మీ అబ్బాయి పేరు చాలు. ఫైసల్ ఖాదర్ గారింటి బిడ్డ కూడా అనండి. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ మిగతాది అర్థమవుతుంది."

"చెప్పకపోతే ఖాదర్ వెళ్ళిపోవాలా?" అని అడిగారు.

"వెళ్ళాలి."

"ఫైసల్ నన్ను ఇంట్లోకి రానివ్వడు," అన్నారు. అదే ఆయన ఒప్పుకోవడం. నివేదిక ఆ సాయంత్రమే అధ్యక్షుడికి పంపాను. కింద నా సంతకం ఒక్కటే.

టెండర్ పెట్టె తెరవడం బహిరంగంగా జరుగుతుంది. కమిటీ ఒక పొడుగు బల్ల దగ్గర కూర్చుంటుంది. గోడ వెంబడి కుర్చీల్లో కంపెనీల ప్రతినిధులు. ఆ రోజు ఖాదర్ చివరి కుర్చీలో, ఇస్త్రీ చేసిన చొక్కాలో, విచారణ తేలేదాకా ఉంచుకోమని నేను తిరిగి ఇచ్చిన బిళ్ళ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మెడలో వేసుకోవచ్చో లేదో తేలలేదు మరి. అబూ రాషిద్ అధ్యక్షుడి కుర్చీకి దగ్గరగా ఉన్న మెత్తటి సోఫాలో ఉన్నాడు. బిళ్ళ లేదు. పెట్టెకు రెండు తాళాలు, ఒకటి ఫైనాన్స్ వాళ్ళది, ఒకటి నాది. తెరిచాం. అధ్యక్షుడు కవర్లు ఒక్కొక్కటే చూపించి పేర్లు చదివారు. ఖాదర్ కంపెనీ పేరు వచ్చింది.

నాసర్ గారు లేచి నిలబడ్డారు. "నా కొడుకు ఫైసల్ ఈ కంపెనీ ప్రతినిధి ఖాదర్ ఇంటి బిడ్డ కూడా. ఖాదర్ వాడికి తండ్రి. ఈ టెండర్ మీద నేను మాట్లాడను, చేయి ఎత్తను. మినిట్స్‌లో రాయండి." కాగితాలు తీసుకుని బయటికి నడిచారు. తలుపు దగ్గర ఆగి ఖాదర్ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు.

అధ్యక్షుడు వయసులో పెద్దవారు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఆ పాలకు బరకత్ కలుగుగాక," అన్నారు. బల్ల చుట్టూ, గోడ వెంబడి, అందరూ ఆమీన్ అన్నారు. అబూ రాషిద్ కూడా అన్నాడు. అనకుండా ఉండటం అక్కడ కుదరదు.

తర్వాత నియమం ప్రకారం గదిలో ఉన్నవాళ్ళు ఎవరి తరఫున వచ్చారో చెప్పాలి, నేను రాసుకోవాలి. గోడ చివరి నుంచి మొదలుపెట్టాం. ఖాదర్ గొంతు సవరించుకుని పేరు, కంపెనీ చెప్పాడు. నేను తలూపాక బిళ్ళ మెడలో వేసుకున్నాడు. వరసగా అందరూ చెప్పారు. సోఫా దగ్గరికి వచ్చింది.

"నేను కాఫీకి వచ్చాను," అన్నాడు అబూ రాషిద్.

అధ్యక్షుడు ఎంతో మర్యాదగా అన్నారు. "ఈ గదిలో కాఫీ ఇవ్వం, అబూ రాషిద్."

ముందు ఎవరో దగ్గారు. ఆ తర్వాత గది మొత్తం నవ్వింది. అబూ రాషిద్ ఒక్క క్షణం బిగుసుకుని, చివరికి తానూ నవ్వాడు. కంపెనీ పేరు చెప్పాడు. రాసుకున్నాను. ఫిర్యాదు పత్రం కూడా తీసి, ఖాళీగా వదిలేసిన చోటు చూపించి కలం ఇచ్చాను. అక్కడా అదే పేరు రాశాడు. ఇన్నేళ్ళుగా ఊరందరికీ తెలిసి, కాగితానికి ఎక్కనిది ఆ పూట రెండు కాగితాలకు ఎక్కింది.

ఫిర్యాదు కొట్టివేశారు. ఖాదర్ బిళ్ళ నిలిచింది. ఆ టెండర్ మూడో కంపెనీకి పోయింది, తక్కువ ధరకు వేసినందుకు. అందువల్ల ఎవరూ ఏమీ అనుకోవడానికి లేకపోయింది. తర్వాతి ఏడాది మరో వాది గోడ ఖాదర్ కంపెనీకి వచ్చింది. అప్పుడు కూడా నాసర్ గారు లేచి బయటికి వెళ్ళారు. ఈసారి టీ తాగడానికి వెళ్తున్నంత మామూలుగా.

అబూ రాషిద్ మరుసటి వారం నమోదుకు వచ్చాడు. మా హాల్లో ఫోటో తీసే యంత్రం ఉండేది, దానికి తెరతో ఏదో పేచీ. ఆయన టోపీ తీయాలా వద్దా అని దాని ముందు నిలబడి చూస్తుంటే, వేరే పని మీద వచ్చిన ఖాదర్ వెళ్ళి బటన్ నొక్కి ఇచ్చాడు. నా బల్ల దగ్గరికి వచ్చి, తెలుగు ఎవరికీ రాదన్న ధైర్యంతో గట్టిగానే అన్నాడు.

"పెద్దాయనకు ఫోటో శానా బాగొచ్చింది అక్కా. పెండ్లికొడుకు మాదిరుండాడు. ఇంగ దండే తక్కువ."

బిళ్ళ నేనే ఇచ్చాను. దరఖాస్తు పరిశీలన నాకు అప్పగిస్తూ హమద్ గారు, పాత మాటే, తనకు చూపించనక్కర్లేదన్నారు.

నా నివేదికలో చివరి పేరా ఒక సిఫారసు. ప్రకటన పత్రంలో పాలబంధానికి విడిగా ఒక గడి ఉండాలని. మస్కట్ నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. జవాబులు రాశాను. మా మునిసిపాలిటీ వరకు ఒప్పుకున్నారు. కొత్త పత్రాలు వచ్చిన రోజు హమద్ గారు నన్ను గదికి పిలిచి, నా ఎదురుగానే తన పత్రం నింపారు. ఆ కొత్త గడిలో అబూ రాషిద్ పూర్తి పేరు రాశారు.

"మా అమ్మ పోయేటప్పటికి నేను చంటిబిడ్డను," అన్నారు. "వాళ్ళమ్మ పాలు తాగి పెరిగాను. ఆయన నాకు అన్న."

నివేదిక తనకు చూపించనక్కర్లేదని ఆయన అన్న మాట అప్పుడు మళ్ళీ వినిపించింది. ఆయన నా వెనక దాక్కోలేదు. గడి లేకపోయినా తప్పుకున్నారు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అన్నను నమోదు చేయమని చెప్పే బలం నాకు లేదు. మిమ్మల్ని ఆపే హక్కూ లేదు. అందుకే ఖర్జూరం ఇచ్చాను," అన్నారు. నేను నవ్వాను. చాలాకాలం తర్వాత ఆ ఆఫీసులో బిగ్గరగా నవ్వాను. బయట గుమాస్తాలు తలెత్తి చూశారు.

ఆ ఏడాది కొత్త గడి దాదాపు అన్ని పత్రాల్లోనూ నిండింది. కొందరు చోటు చాలక వెనక పేజీలో రాశారు. అంతకుముందు ఏళ్ళలో ఆ అధికారులెవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళను ఎవరూ అడగలేదు. దాచడం వేరు, అడగకపోవడం వేరు. ఆడిటర్ ముందు ఆ రెండింటినీ వేరు చేయగలగాలి, ఆ తర్వాతే తప్పు వెతకాలి.

ప్రకటన పత్రం తయారుచేసే ఉద్యోగం ఎవరికైనా వస్తే నేను చెప్పగలిగింది ఒకటే. ఆ ఊళ్ళో ఎవరు ఎవరింట్లోకి తలుపు తట్టకుండా వెళ్తారో ముందు తెలుసుకోండి. గడులు ఆ తర్వాత గీయండి.